పెద్దిరాజు పాటలో మూడోసారి

“దుర్గా! ఒసేయ్ వీరదుర్గా! నాకిప్పుడు కోపం వచ్చిందా?”

ఇట్టా అరిచేవాడే గాయత్రీ, మీ చిన్నతాత పెద్దిరాజు. గిలకలదిండి హార్బర్లో పడవలన్నీ ఒడ్డుకొచ్చి, కాకులూ కొంగలూ మనుషులూ ఒకళ్ళనొకళ్ళు తోసుకునే వేళ, చేపల కుప్ప మధ్యన నిలబడి గొంతు చించుకునేవాడు. అవతల పాక కింద గంపలు సర్దుకుంటున్న దుర్గ తలెత్తి, వీడి ఎదురుగా ఉన్న మనిషిని ఎగాదిగా చూసి, “ఆఁ, వచ్చింది!” అనేది. అప్పుడు వీడు ఆ మనిషి వైపు తిరిగి, చేతులు కట్టుకుని, “నాకు కోపం వచ్చిందటండీ,” అని మర్యాదగా చెప్పి, అప్పుడు తిట్టడం మొదలెట్టేవాడు. నవ్వుతావేం పిల్లా? నిజం చెప్తున్నా. నువ్వే కదా అడిగావు. పొద్దున రెండు జాకెట్లు ముందేసుకుని ఇదా అదా అని కిటికీలోంచి ఆకాశంలోకి చూస్తూ కూర్చుంటే, మీ అమ్మ “పెద్దిరాజు పాట మొదలెట్టావా” అంది కదా, ఆ పెద్దిరాజు వీడే. నా తమ్ముడు. పాటంటే చేపల వేలంపాట. వాడు పోయి చాలా ఏళ్ళయింది, దుర్గా లేదిప్పుడు. పేరు మాత్రం బందర్లో తెగని పనులన్నిటికీ మిగిలిపోయింది. ఆ తమలపాకు ఇటియ్యి, చెప్తాను.

అసలు వాడు పుట్టుకతో అట్టాంటివాడు కాదు. తోడబుట్టినవాడని చెప్పడం కాదుగానీ, వాడికున్న కోపం ఊరంతటికీ తలా కాస్త పంచినా ఇంకా మిగిలేది. కోపం, నవ్వు, ఏడుపు, అన్నీ తలుపు తోసుకుని వచ్చేవి వాడి దగ్గరికి. పడవ సరుకు ఒడ్డున కుప్ప పోస్తే ఒక్క చూపు చూసేవాడు. కాలి బొటనవేలితో పండుగప్పని ఇట్టా తిరగేసేవాడు. అంతే, ధర నోట్లోంచి ఊడిపడేది. “ఎట్టా లెక్కేస్తావురా?” అని అడిగితే, “లెక్కేంటక్కా, కడుపులో ఏదో కదుల్తది, అదే చెప్తది,” అనేవాడు. ఒకటోసారి అని సన్నగా, రెండోసారి అని సాగదీసి, మూడోసారి అన్నాడంటే ఇక అంతే, తుపాకి పేలినట్టే. ఆ మాట తర్వాత ఎవరైనా నోరు తెరిస్తే సావడాయి చేపని తోక పట్టుకుని ముఖాన కొట్టేవాడు. పెళ్ళి కూడా అట్టాగే చేసుకున్నాడు. నాగాయలంకలో పిల్లని చూడ్డానికి పంపాం. ఏ పిల్లనా? ఇంకెవర్నో, పేరు కూడా మర్చిపోయా. దార్లో సంతలో ఎండుచేపలు పెట్టుకు కూర్చున్న ఒక పిల్ల, “ఆ చూపేంటయ్యా, కొంటావా కళ్ళతోనే తింటావా?” అందిట. ఇక చూసుకో. ఇద్దరూ బస్సు వెళ్ళిపోయేదాకా తిట్టుకున్నారు. ఇంటికొచ్చి చెంబు విసిరికొట్టి, “చేసుకుంటే దాన్నే చేసుకుంటా!” అన్నాడు. మా నాన్న, “దాని పేరేంట్రా?” అంటే, “తెలీదు. నాకు కోపం వచ్చింది. చాలదా?” అన్నాడు. చాలింది మరి. ఆ పిల్లే వీరదుర్గ.

ఆఁ, ఎక్కడున్నాను? వాడి తలకి తగిలిన దెబ్బ. తొంభై ఒకటో తొంభై రెండో, ఎండాకాలం. ఐసు ఫ్యాక్టరీ నుంచి లారీ వచ్చింది. ఐసు దిమ్మలు, తెలుసుగా, ఇంత పొడుగు, మనిషంత బరువు. లారీ మీంచి బల్ల వాల్చి దాని మీదుగా జార్చేవాళ్ళు పడవల్లోకి. వీడు బల్ల కింది చివర చందువల కుప్ప మీద పాట పాడుతున్నాడు. “ఒకటోసారి... రెండోసారి...” అంటూ ఎవడో కొనేవాడు గొణిగితే వాడి మీదికి కోపంగా వంగాడు. పైనించి జారిన దిమ్మ తిన్నగా వచ్చి నుదుటి మీద తగిలింది. మూడోసారి అనేది నోట్లోనే ఉండిపోయింది. పడిపోయాడు. చందువల మీదే పడ్డాడు పాపం, మెరుస్తూ ఉంది ఒళ్ళంతా, పెళ్ళికొడుకులా. అదే లారీలో, మిగిలిన ఐసు మీదే పడుకోబెట్టి బెజవాడ తీసుకెళ్ళాం. తల తెరిచి ఏదో చేశారు. మెలకువొచ్చాక మేమంతా గొల్లుమని ఏడుస్తుంటే, వాడు మా అందరి వంకా వరసగా చూసి, “ఆ చందువలు చివరికి ఎవరు తీసుకున్నారు?” అన్నాడు. నెమ్మదిగా. వాడి జన్మలో నెమ్మదిగా అన్న మొదటి మాట అది.

అక్కడి డాక్టరు గారు మంచాయన. వీడి అరచేతికి తీగలు అతికించి బొమ్మలు చూపించాడు. తగలబడే ఇల్లు, పడగెత్తిన పాము, ఒంటి నిండా రక్తమున్న మనిషి. వీడు బావుంది, బావుంది అన్నట్టు తలూపుతూ చూశాడు. అప్పుడాయన మమ్మల్ని పక్కకి పిలిచి, “చూడమ్మా, ఇట్టాంటివి చూస్తే ఎవరికైనా అరచేతికి కాస్త చెమట పడుతుంది. తప్పు దారిన అడుగేసే ముందు మనిషికి తలకంటే ముందు చేతికి తెలుస్తుంది. ఇతనికి చెయ్యి పొడిగానే ఉంది. లెక్కలున్నాయి, జ్ఞాపకం ఉంది, మాటుంది. ఇష్టం, భయం, కోపం, ఇవి వచ్చి ‘ఇది చెయ్యి, అది మానెయ్యి’ అని చెప్పే దారి తెగిపోయింది,” అన్నాడు. నేను, “కోపం పోతే మంచిదేగా బాబూ, మా ప్రాణాలు తీస్తున్నాడు,” అన్నాను. ఆయన నవ్వలేదు. “కోపం ఒక్కటే పోలేదమ్మా. ఏది ఎక్కువో ఏది తక్కువో చెప్పేది పోయింది. ఇక ఇతనికి అన్నీ సమానమే,” అన్నాడు. నాకప్పుడు అర్థం కాలేదు. ఇంటికొచ్చిన మర్నాడే అర్థమైంది.

మర్నాడు దుర్గ నీలం చొక్కా, తెల్ల చొక్కా మంచం మీద పెట్టి పొయ్యి దగ్గరికెళ్ళింది. వచ్చి చూస్తే బనీనుతో కూర్చుని ఉన్నాడు. “తెల్లది చల్లగా ఉంటుంది. నీలంది మురికి కనపడనివ్వదు. తెల్లదానికి జేబు పెద్దది. నీలందానికి గుండీలన్నీ ఉన్నాయి,” అంటున్నాడు. మధ్యాహ్నమైంది. ఇంకా చెప్తున్నాడు. పిచ్చి మాటా? కాదే, ఒక్కటీ తప్పు మాట కాదు! ప్లీడరులా చెప్పేవాడు. ఆ చొక్కాల మీద నాకే అనుమానం వచ్చేసింది, ఏది మంచిదబ్బా అని. ఇంకోసారి మంగలి దగ్గర కూర్చున్నాడు. అతను సగం మీసం గీసి, “ఇదెట్టాగూ పలచగా ఉంది, మొత్తం తీసెయ్యనా పెద్దిరాజూ, ఉంచనా?” అన్నాట్ట. అయిపోయింది. మూడు వారాలు తిరిగాడమ్మా బందరు రోడ్ల మీద, ఒక పక్క మీసంతో. ఎవరైనా నవ్వితే ఆగి, ఉంచడంలో లాభాలూ తీయడంలో లాభాలూ వాళ్ళకి ఓపిగ్గా వివరించేవాడు. నవ్వినవాళ్ళు కాసేపటికి తమ మీసం తడుముకుంటూ పోయేవాళ్ళు.

దుర్గ ఏడ్చి ఏడ్చి ఒకరోజు విసుగెత్తి, “ఇదిగో, నీకా సగం మీసమంటే అసహ్యం!” అని అరిచింది. వీడు, “అసహ్యమా? నాకా?” అన్నాడు. “అవును, నీకే. చచ్చేంత అసహ్యం.” “సరే అయితే,” అని వెళ్ళి గీయించుకుని వచ్చేశాడు! అప్పుడు తెలిసింది దానికి కిటుకు. ఏం చెయ్యాలో చెప్తే వీడు దానికి ఎదురు లెక్క తీస్తాడు. ఏమనిపించిందో చెప్తే మాత్రం ఒప్పేసుకుంటాడు. ఇక ఆ రోజు నుంచి వాడికి ఆకలి దప్పులు తప్ప మిగతావన్నీ వాడి తరఫున అదే పడింది. వాడి కోపం అదే, వాడి సిగ్గు అదే, వాడి భయమూ అదే. మా మేనమామ పోయినప్పుడు శవం దగ్గర నిలబడి, “దుర్గా, నాకిప్పుడు ఏడుపొచ్చిందా?” అని అడిగాడు. “వచ్చింది, ఏడువు,” అంది. ఏడ్చాడు. అబ్బ, ఏం ఏడుపే అది, రాళ్ళు కూడా కరుగుతాయి. చుట్టాలు మెచ్చుకున్నారు. ఆ గొడవలో దుర్గ ‘ఇక చాలు’ అని చెప్పడం మర్చిపోయింది. వాడు స్మశానం నుంచి వచ్చేదాకా ఏడ్చాడు, స్నానం చేస్తూ ఏడ్చాడు, ముద్ద ముద్దకీ ఏడుస్తూ అన్నం తిన్నాడు. మాగాయ పచ్చడి బావుందని ఏడుస్తూనే మెచ్చుకున్నాడు.

పాట సంగతా? వస్తున్నా, తొందరెందుకు. గొంతు పోలేదుగా, మళ్ళీ హార్బర్‌కి వెళ్ళాడు. ఒకటోసారి అనేవాడు, రెండోసారి అనేవాడు, అక్కడ నోరు తెరుచుకుని ఆగిపోయేవాడు. ఇంకొకడు ఎక్కువ పాడొచ్చు కదా, పాడకపోవచ్చు కూడా కదా, ఆగితే చేప మెత్తబడుతుంది, ఆగకపోతే పడవవాళ్ళకి నష్టం... అట్టా నిలబడితే ఎండ నడినెత్తికొచ్చేది, కోనెం చేపలు కళ్ళు తేలేసేవి. అప్పుడు దుర్గ గంపలొదిలేసి వచ్చి వాడి వెనక నిలబడ్డం మొదలెట్టింది. సరైన వేళకి చొక్కా కొస పట్టుకుని లాగేది. లాగితే మూడోసారి! అట్టా నడిచింది పాట. గుడివాడ వైపు నుంచి నాగభూషణరావు అని ఒకాయన వచ్చేవాడు చేపలు కొనడానికి, ఉంగరాల చేతులాయన. ఒకరోజు మెల్లిగా వెనక చేరి, తన ధరకే చొక్కా తనే లాగేశాడు! “మూడోసారి!” అనేశాడు వీడు. పడవలవాళ్ళు లబోదిబోమన్నారు. వీడు గొడవ మధ్యన స్తంభంలా నిలబడి, “దుర్గా! నాకు కోపం వచ్చిందా?” “వచ్చింది! చాలా వచ్చింది! ఇంతకుముందెప్పుడూ రానంత వచ్చింది!” అంది అది. “రావుగారూ, నాకు ఇంతకుముందెప్పుడూ రానంత కోపం వచ్చిందటండీ,” అని చెప్పి, ఆయన కళ్ళద్దాలు తీసి జాగ్రత్తగా ఆయన జేబులోనే పెట్టి, అప్పుడు కొట్టాడు లెంపకాయ.

నవ్వు, నవ్వు. మేమూ నవ్వాం. దుర్గ కూడా నవ్వేది అందరితో. కానీ ఒక్కటుందే. దానికి ఒకే ఒక్కటి కావాలి. నువ్వు కథల పుస్తకాలు గుండెల మీద పెట్టుకు పడుకుంటావు, నీకు తొందరగా అర్థమవుతుంది. రోజూ అన్నం తింటూ వీడు అన్నీ అడిగేవాడు. “పులుసు నాకు నచ్చిందా?” “నచ్చింది.” “వాన పడితే నాకు బావుంటుందా?” “బావుంటుంది.” ఒకరోజు, “దుర్గా, నువ్వంటే నాకిష్టమా?” అన్నాడు. దాని చేతిలో గరిటె ఆగిపోయింది. అవునంటే అయిపోయేది, ఇష్టపడేసేవాడు, చుట్టాలు మెచ్చుకునేట్టు ఇష్టపడేవాడు. కానీ అది, “ఆ ఒక్కటీ నేను చెప్పను. అది నీ అంతట నువ్వే చెప్పాలి,” అంది. వాడు సరేనన్నాడు. ఆలోచించడం మొదలెట్టాడు. నువ్వు వంట బాగా చేస్తావు, నోరు పెద్దది, గంపలు అల్లుతావు, గురక పెడతావు... ఇవే, రోజూ. అది రోజూ కంచం ముందు కూర్చుని చివరిదాకా వినేది. చివర రాలేదు. “నాకెందుకు వదినా ఈ ఆశ, అంత నవ్వుతూ ఉన్నాంగా,” అనేది నాతో, మళ్ళీ మర్నాడు వినడానికి కూర్చునేది. తిట్టుకుని చేసుకున్న మొగుడు కదే. ఆ తిట్లలో ఏముందో దానికి తెలుసు, అదే మళ్ళీ కావాలి.

తర్వాత జ్వరం వచ్చింది దానికి. మాయదారి జ్వరం, నోరు లేవలేదు. నేను మధ్యాహ్నం కూర ఇద్దామని వెళ్ళాను. అది చాప మీద కళ్ళు తేలేసి ఉంది. వీడు పక్కనే గొంతుక్కూర్చుని, “ముందు మాత్రకి వెళ్తే నువ్వు ఒంటరిగా ఉంటావు. ముందు రిక్షాకి వెళ్తే మాత్ర ఆలస్యమవుతుంది. ఎవర్నైనా పిలిస్తే...” అంటున్నాడు. పొద్దుట్నుంచి! ఒళ్ళు కాలిపోతోందే దానికి. నేనే రిక్షా పిలిచి ఆసుపత్రికి చేర్చాను. బతికింది. కాస్త కోలుకున్నాక నా చెయ్యి పట్టుకుని, “వదినా, ఆ రోజు ‘నీకు భయం వేసింది’ అని చెప్దామంటే నాలిక తిరగలేదు. నేను చెప్పకపోతే ఆయనకి భయం లేదు. నా నోరు పడిపోతే ఆయనకి నేనే లేను,” అంది. అప్పుడు ఏడవలేదు చూడు, అదే నాకు భయమేసింది.

నాగాయలంక నుంచి దాని అన్న సుందరరాజు వచ్చాడు. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాడు. “మా చెల్లెల్ని తీసుకుపోతున్నాం. బావా, వద్దంటావా, సరేనంటావా?” అని అడిగాడు. దుర్గ తలుపు పక్కన నిలబడి నా చెవిలో, “ఒక్క మాట వదినా. వద్దు అని ఒక్క మాట. నేను అందించను,” అంది. వీడు మొదలెట్టాడు. ఇది వెళ్తే బియ్యం మిగులుతాయి. ఉంటే గంపలకి మనిషి ఉంటుంది. వెళ్తే దీనికి విశ్రాంతి. ఉంటే... ధనరాజు గారని మా కుల పెద్ద, ఆయన రెండుసార్లు కునుకు తీసి లేచాడు, వీడింకా చెప్తున్నాడు. చివరికి ఆగి, దీని వైపు తిరిగి, “దుర్గా, నాకిప్పుడు బాధగా ఉందా?” అన్నాడు. అది పెదవి కొరుక్కుంది. రక్తం వచ్చిందే, నేను చూశాను. నోరు మాత్రం విప్పలేదు. లోపలికెళ్ళి ట్రంకు పెట్టె సర్దుకుంది.

కోనేరు సెంటర్లో బస్సెక్కించడానికి నేనూ వెళ్ళాను. చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వెళ్ళే బస్సు. సుందరరాజు పెట్టె పైకి వేయించాడు. అది కిటికీ పక్కన కూర్చుని వీధి చివరికే చూస్తోంది. “వాడు రాడమ్మా, హార్బర్లో పాట ఉంది,” అన్నాను. ఇంతలో ఏం వచ్చిందో చెప్పు! ఐసు రిక్షా! తొక్కేవాడు రొప్పుతున్నాడు. వెనక ఐసు దిమ్మ, దాని మీద మీ చిన్నతాత, జారిపోకుండా దిమ్మని రెండు చేతులా వాటేసుకుని! దిగాడు. పంచె తడిసి నీళ్ళు కారుతున్నాయి. దుర్గ నా వంక చూసి, “నువ్వు పంపావా వదినా?” అంది. లేదన్నాను. నేను పంపలేదే, ఒట్టు. “ఎందుకొచ్చావ్?” అంది వాణ్ణి. వాడు, “అదే తెలీట్లేదు. అక్కడ పండుగప్పలు కుప్ప పోసి ఉన్నాయి, పాట మధ్యలో ఉంది. రాకుండా ఉండటానికి బోలెడు కారణాలు దొరికాయి. రావడానికి ఒక్కటీ దొరకలేదు. అయినా వచ్చాను. దుర్గా, నాకేమైంది?” అన్నాడు.

సుందరరాజు, “ఇంకేం వినకు, పోనియ్యండి బస్సు!” అన్నాడు. కండక్టరు ఈల వేశాడు. వీడికి చేతనైన పని ఒక్కటేగా పాపం! ఐసు దిమ్మ మీదికెక్కి నిలబడి, జారుతూ, గొంతెత్తాడు. “రండి బాబూ రండి! పెద్దిరాజు, ఒకే ఒక్క శాల్తీ! ముందు భాగం దెబ్బ తిన్నది, దాచట్లేదు! లెక్కలొస్తాయి! కోపం లేదు, చెప్తే తెచ్చుకుంటాడు! ఐసులో పెట్టినా పెట్టకపోయినా ఒకటే సరుకు! ఎవరు తీసుకుంటారండీ?” డ్రైవరు ఇంజను ఆపేశాడు నవ్వలేక. బస్సులో ఒక ముసలాయన తల బయటపెట్టి, “మా చేలో పిట్టల్ని తోలడానికి పనికొస్తాడా? రెండు బస్తాల ధాన్యం!” అన్నాడు. చల్లపల్లి దిగాల్సిన ఒకావిడ, “మా పిల్లలకి ఎక్కాలు చెప్తాడా? మూడు!” అంది. సుందరరాజు, “ఛీ, పరువు తీశావు కదయ్యా!” అని తల పట్టుకున్నాడు. వీడు, “మూడు బస్తాలు! ఒకటోసారి... రెండోసారి...” అని నోరు తెరుచుకుని ఆగిపోయాడు. ఎప్పట్లాగే. ఐసు కరుగుతోంది కాళ్ళ కింద. జారి పడబోయి కిటికీ అంచు పట్టుకున్నాడు. దుర్గ ఆ చెయ్యి పట్టుకుంది.

“వదినా!” అంది. “వదినా, అరచెయ్యి తడిగా ఉంది!” నేను, “ఐసు దిమ్మని వాటేసుకుని వచ్చాడే, తడిగా ఉండక ఏం చేస్తుంది?” అన్నాను. అది ఆ అరచేతిని పెదవులకి తగిలించుకుని, “ఉప్పగా ఉంది వదినా!” అంది. చేపల చెయ్యి కదే, ఉప్పగా ఉండక తియ్యగా ఉంటుందా? ఆ మాటే అనబోయాను. చెమటో, ఐసు నీళ్ళో, చేపల ఉప్పో... నాకు ఇప్పటికీ తెలీదే గాయత్రీ. బెజవాడ డాక్టరు గారున్నా చెప్పలేడు. వాడు నోరు తెరుచుకునే ఉన్నాడు, వెనక చొక్కా లాగేవాళ్ళు లేరు. చూడు పిల్లా, జన్మలో మొగుడి పేరు పలికి ఎరగదు అది. ఇదిగో అనేది, ఏమయ్యా అనేది. మా ఇళ్ళల్లో ఆడాళ్ళు పలకరు. అట్టాంటిది, వాళ్ళ అన్న పక్కన ఉండగా, బస్సెడు జనం వింటుండగా, కిటికీలోంచి సగం బయటికి వంగి, వాడి చొక్కా గట్టిగా ఒక్క లాగు లాగి అరిచింది.

“మూడోసారి! ఎవరూ పాడొద్దు! నీకేమైందో నాకు తెలీదు, నేను చెప్పను! నాకేమైందో చెప్తా విను! నువ్వు చెప్పినా చెప్పకపోయినా, ఆ సంత రోజు నుంచీ, నాకు నువ్వంటే ఇష్టమయ్యా, పెద్దిరాజూ!”